ఒక విల్లు, ఇరవై ఎనిమిది బొంతలు

దస్తగిరికి ఆ బుధవారం అన్నం సయించలేదు. పళ్లెం ముందు పెట్టుకుని వేళ్ల మీద లెక్క వేస్తున్నాడు. దర్గా ఉరుసుకు ముందు పని చేయడానికి మిగిలింది పదమూడు రోజులు. కుట్టాల్సిన బొంతలు ఇరవై ఎనిమిది. గుట్ట మీద ఉన్న విల్లు ఒక్కటే.

ఎన్నిసార్లు లెక్క వేసినా నలుగురు తల్లులు ఉత్తచేతులతో గుట్ట దిగుతున్నారు.

ఏ తల్లులు, ఏ బొంతలు అంటారా? చెప్తాను, వినండి.

అనంతపురం వైపు ఒక రాతిగుట్ట. పైన చిన్న దర్గా, పక్కన నాలుగు గదుల మఠం. అక్కడ పక్కీరప్ప తాత ఉండేవాడు. పుట్టింది దూదేకుల ఇంట్లో. వయసులో ఉండగా భుజాన విల్లేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకినవాడు. తరువాత ఆ పైవాడి పేరు నోట పట్టుకుంది, కాళ్లు గుట్ట మీద ఆగిపోయాయి. ఆ పేరు ఎవరు ఏ భాషలో తలుచుకున్నా ఆయనకు ఒకటే. బేస్తవారం వస్తే తమ బాధలు తాతకు చెప్పుకోవడానికి అన్ని కులాలవాళ్లూ గుట్ట ఎక్కేవాళ్లు.

ఆ మఠంలో ఒక ఆనవాయితీ ఉంది. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లలో కాన్పయిన ప్రతి తల్లికీ ఉరుసు రోజున ఒక దూది బొంత ఇస్తారు. తల్లీబిడ్డా కలిసి కప్పుకునేంత బొంత. చీరలు భక్తులు తెచ్చి ఇస్తారు. పత్తి రైతులు ఇస్తారు. ఏకడం, కుట్టడం మఠంలో వాళ్ల సేవ. ఆ ఏడు వానలు వెనకబడి పత్తి ఆలస్యంగా ఇల్లు చేరింది. కాన్పులేమో దేవుడి దయవల్ల ఎక్కువ. ఇరవై ఎనిమిది.

మీలో దూది ఏకడం చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. మనిషెత్తు విల్లు, దానికి బిగించిన నరం తంతి. ఆ తంతిని పత్తి కుప్పకు ఆనించి కొయ్యతో కొడితే టుంయ్ మని మోగుతుంది. గట్టి ముద్దలు విడిపోయి నురుగులాగా లేస్తాయి. చూస్తుంటే ఎంత సులువు పని అనిపిస్తుంది. చేయి పెట్టి చూడండి, పూటకల్లా భుజం పడిపోతుంది.

దస్తగిరి భుజం పడేది కాదు. పాతికేళ్ల మనిషి, చురుకు. ఒక్క రోజులో ఆరు బొంతల దూది ఏకేవాడు. సూది పడితే రోజుకు రెండు బొంతలు కుట్టేవాడు. ఆ చుట్టుపక్కల అలాంటి పనివాడు లేడు, ఆ సంగతి అతనికీ బాగా తెలుసు.

మఠంలో ఇంకో శిష్యుడు కుళ్లాయప్ప. యాభై దాటినవాడు. ముప్ఫై ఏళ్లు బండల గనిలో సమ్మెట కొట్టి, తోడుగా ఉన్న భార్య కూడా పోయాక, ఎక్కడికి పోవాలో తెలియక గుట్ట ఎక్కాడు. మూడేళ్లుగా అక్కడే ఉన్నాడు. సమ్మెట పట్టిన వేళ్లు కదా, లావుగా, బిగుసుకుపోయి ఉండేవి. ఒక్క బొంతకు దూది ఏకాలంటే రెండు రోజులు. కుట్టడానికి ఒక రోజు. అంటే మూడు రోజులకు ఒక బొంత. అతను విల్లు పట్టినంతసేపూ దస్తగిరి ఏకడం ఆపుకోవాలి.

"అతను కుట్టుకుంటాడు, నువ్వు ఏకరాదా?" అని మీరు దస్తగిరిని అడగొచ్చు. అక్కడే ఉంది చిక్కు. దస్తగిరి ఒక నియమం పెట్టాడు. తాత పెట్టింది కాదు, దస్తగిరే పెట్టాడు. ఏకిన చెయ్యే కుట్టాలి. ఎవరి బొంత మొదటి నుంచి చివరి దాకా వాళ్లదే. ఒక బొంతకు ఇద్దరి చేతులు తగిలితే ఆ సేవ ఎవరిదని దేవుడికి తెలుస్తుంది? అదీ అతని భక్తి. తాత ఆ నియమం విని నవ్వాడే గాని వద్దనలేదు.

సాయంత్రం దస్తగిరి తాత దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"తాతా, ఒక మాట చెప్పాల. తప్పుగా అనుకోవద్దు."

"చెప్పు నాయనా."

"కుళ్లాయప్పన్నను కిందికి పంపించండి. ఊర్లో రామాలయం సత్రంలో ఉంటాడు. నేనే పోయి వాళ్లతో మాట్లాడతా."

"ఏం, కొట్లాడినాడా?"

"కొట్లాటా? ఆయన నోట మాటే రాదు. పనే రాదు, అదీ బాధ. నేను పూటలో చేసేది ఆయనకు రోజులు పడుతుంది. ఏకడంలో నేనే వేగం. కుట్టడంలో నేనే వేగం. విల్లు ఆయన చేతిలో ఉంటే నేను ఏకలేను. ఆయన లేకపోతే నేనొక్కడినే చేసుకుంటా."

"ఒక్కడివే చేస్తే ఎన్ని అవుతాయి?"

దస్తగిరి కొంచెం తడబడ్డాడు. "ఇరవై. కొంచెం అటూ ఇటూ."

"ఇరవై ఎనిమిది గదా కావాల్సింది."

"నిద్ర మానుకుంటా."

తాత అతని ముఖం వైపు చూశాడు. "ఎవరు వేగమైతే వాళ్లే చేయాల. అదేనా నీ మాట?"

"అదే తాతా. న్యాయం గదా?"

"న్యాయమే," అన్నాడు తాత.

ఆ "న్యాయమే" అన్న మాట పట్టుకుని దస్తగిరి తెల్లవారేసరికి కుళ్లాయప్పకు సంగతి చెప్పేశాడు. కుళ్లాయప్ప ఎదురు చెప్పలేదు. రెండు పంచెలు, ఒక చెంబు మూట కట్టుకున్నాడు. "తాతకు సలాం చేసి పోతానప్పా," అని మాత్రం అన్నాడు.

ఆ రోజు బేస్తవారం. అప్పటికే జనం ఎక్కుతున్నారు. కుళ్లాయప్ప పోయి వరసలో చివర కూర్చున్నాడు.

దస్తగిరి గదిలో విల్లు దించి, తంతి బిగించి, మొదటి దెబ్బ వేయబోయాడు. వెనక నుంచి తాత చెయ్యి చాపాడు.

"ఇటియ్యి."

"ఎందుకు తాతా?"

"నువ్వు ఆరు బొంతలది ఏకుతావు. నేను ఈ వయసులో కూడా ఎనిమిది ఏకుతా. నువ్వు రెండు కుడితే నేను మూడు కుడతా. లే. ఎవరు వేగమైతే వాళ్లే గదా."

దస్తగిరి లేచాడు. లేవక ఏం చేస్తాడు, మాట తనదే!

తాత కూర్చుని పంచె పైకి దోపుకున్నాడు. టుంయ్, టుంయ్, టుంయ్. అయ్యా, ఆ దెబ్బ ఏం దెబ్బ! దస్తగిరి ఆ చేతి కిందే నేర్చుకున్నాడు గాని అంత లాఘవం అతనికి ఇంకా రాలేదు. దూది గాలికంటే పల్చగా లేచి గోడల మీద పడుతోంది. కాసేపు నోరు తెరుచుకుని చూశాడు. తరువాత ఏం చేయాలో తోచలేదు. అక్కడే నిలబడితే అడ్డం. బయటికి పోతే జనం.

"నేనేం చేయాల తాతా?"

తాత తల ఎత్తలేదు. "నీ ఇష్టం. ఖాళీగా ఉంటే పోయి వాళ్లతో మాట్లాడు."

దస్తగిరి పోయి తాత కూర్చునే బండ మీద కూర్చున్నాడు. వరసలో ముందు ఇద్దరు అన్నదమ్ములు. బావి తగాదా. తండ్రి పోయాక మోటారు ఎవరు ఎప్పుడు వేసుకోవాలన్న దాని మీద ఏడాదిగా మాటల్లేవు.

"ఇంతేనా?" అన్నాడు దస్తగిరి. "పొద్దున అన్న వేసుకో. సాయంత్రం తమ్ముడు వేసుకో. అయిపాయె."

"పొద్దున కరెంటు యాడ ఉంటాది సామీ?" అన్నాడు అన్న. "వాడికి నీళ్లు, నాకు ఎండా?"

"ఒక్క వారం నువ్వు సాయంత్రం వేసుకో, ఎవరు వద్దన్నారు?" అన్నాడు తమ్ముడు.

"పోయినేడు నా చేను ఎండితే చూసి నవ్వినావే, అప్పుడు రాలేదేం ఆ మాట?"

గొంతులు లేచాయి. దస్తగిరి కూడా గొంతు లేపాడు. అప్పటిదాకా ఒకరి మీద ఒకరికి కోపంగా ఉన్న అన్నదమ్ములు ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు. ఆ పూట వాళ్లు ఏకమైంది అంతవరకే.

వెనక ఒకామె నెలలు నిండిన కోడలిని పట్టుకుని కూర్చుంది. దస్తగిరి అటు తిరిగాడు. ఆ పిల్ల ఏడుస్తోంది. మొదటి కాన్పులో బిడ్డ పోయిందట, ఇప్పుడు భయమట. దస్తగిరి గొంతు సవరించుకున్నాడు. ఏం చెప్పాలి? "భయపడొద్దు," అన్నాడు. ఆ పిల్ల ఇంకా ఏడ్చింది.

"నాయనా, తాత యాడ?" అంది అత్త.

"దూది ఏకుతున్నాడు."

"దూదా!" ఆమె లోపలి నుంచి వస్తున్న చప్పుడు విని, దస్తగిరి ముఖంలోకి చూసింది. "మరి నువ్వు ఈడేం చేస్తాండావు?"

దస్తగిరి బండ అంచుకు జరిగి కూర్చున్నాడు.

ఎండ ఎక్కింది. ఒకరిద్దరు లేచి దులుపుకుని గుట్ట దిగిపోయారు. మూడు కోసుల దూరం నుంచి నడిచి వచ్చినవాళ్లు. లోపల టుంయ్ టుంయ్ మంటూనే ఉంది. దస్తగిరికి ఆ చప్పుడు అంత అందంగా ఉండి కూడా అంత బాధగా ఎప్పుడూ వినపడలేదు. దిగిపోతున్నవాళ్ల వీపులు చూశాడు. లోపలికి పరుగెత్తాడు.

"తాతా, ఆ విల్లు నాకియ్యండి."

"నువ్వు నాకన్నా మెల్ల గదా నాయనా."

"మెల్లనే. మెల్లగానే ఏకుతా. మీరు అవతలికి పోండి, ఆ పిల్ల ఏడుస్తాంది."

తాత కొయ్య పక్కన పెట్టాడు. అప్పటికి నాలుగు బొంతల దూది కుప్ప పోసి ఉంది. ఒంటి మీది దూది దులుపుకుని బయటికి పోయి బండ మీద కూర్చున్నాడు. నెలలు నిండిన పిల్లను దగ్గరికి రమ్మని, ఆ తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచాడు. ఆ పిల్ల ఏడుపు దానంతట అదే ఆగింది. తరువాత అన్నదమ్ముల వైపు తిరిగి ఒక్క మాట అడిగాడు. "మీ నాయన ఆ బావి తవ్వేటప్పుడు తట్టల్లో మట్టి ఎవరు మోసినార్రా?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. "ఇద్దరమూ," అన్నాడు తమ్ముడు మెల్లగా.

లోపల దస్తగిరి విల్లు ఎత్తాడు. ఒక దెబ్బ వేశాడు. రెండో దెబ్బకు చెయ్యి ఆగిపోయింది. గుమ్మంలోంచి వరస కనిపిస్తోంది. చివర కుళ్లాయప్ప, ఒళ్లో మూట. వరసలో ముందుకు జరగడం కూడా లేదు. వెనక వచ్చినవాళ్లను ముందుకు పొమ్మంటున్నాడు. సలాం చేయడం అయిపోతే దిగాలి కదా, ఆ దిగడాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి నెట్టుకుంటున్నాడు.

దస్తగిరి విల్లు దించి బయటికి వచ్చాడు. పోయి ఆ మూట అందుకున్నాడు.

"అడ్డం రాను లేప్పా, పోతాండా," అన్నాడు కుళ్లాయప్ప కంగారుగా.

"సూది యాడ పెట్టినావన్నా?"

"సూదా? గూట్లో ఉంది. నీ సూదులు నేను ముట్టుకోలేదు."

"పోయి తీసుకో. లోపల నాలుగు బొంతల దూది ఉంది. కూర్చుని కుట్టు."

కుళ్లాయప్పకు అర్థం కాలేదు. "అది తాత ఏకిన దూది గదా. ఏకిన చెయ్యే కుట్టాలని నువ్వే చెప్తివి."

"చెప్పినా. తప్పు చెప్పినా."

"నేను మెల్ల అబ్బీ."

"తెలుసు."

"నువ్వు రెండు కుట్టేలోపల నేను ఒకటే కుడతా."

"తెలుసన్నా. ఆ ఒకటి కుట్టు. విల్లు మాత్రం ముట్టుకోవాకు, నీకు దండం పెడతా."

కుళ్లాయప్ప నవ్వాడు. మూడేళ్లలో అతని పళ్లు దస్తగిరి చూడడం అదే మొదలు.

ఆ బేస్తవారం జనంతోనే గడిచిపోయింది. మరుసటి రోజు నుంచి పన్నెండు రోజులు మిగిలాయి. నాలుగు రోజులు దస్తగిరి విల్లు దించలేదు. కనుబొమలు, మీసం, చెవులు అంతా దూదే. "మా అబ్బి నాలుగు రోజుల్లో ముసిలోడైపాయె," అని కుళ్లాయప్ప ఆటపట్టించాడు. నోట మాట రాని మనిషికి మాట కూడా వచ్చింది చూడండి. నాలుగు రోజులకు ఇరవై నాలుగు బొంతల దూది. తాత ఏకిన నాలుగూ ఉండనే ఉన్నాయి. విల్లు గోడకు తగిలించి దస్తగిరీ సూది పట్టాడు. ఎదురెదురుగా కూర్చుని ఎనిమిది రోజులు కుట్టారు.

ఇక్కడ మీరు ఒకటి ఎదురుచూస్తుంటారు, నాకు తెలుసు. కుళ్లాయప్ప కుట్టులో ఏదో మహిమ బయటపడుతుందని, అతని బొంత కప్పుకున్న బిడ్డకు జబ్బే రాలేదని చెప్తానని. లేదమ్మా, అలాంటిదేం జరగలేదు. కుట్టు వంకరగానే పోయేది. రోజుకు ఒకటే అయ్యేది. ఏ రోజూ ఒకటిన్నర కాలేదు. దస్తగిరి పక్కనుంచి గమనిస్తూనే ఉన్నాడు. పన్నెండు రోజులకు కుళ్లాయప్ప పన్నెండు కుట్టాడు. దస్తగిరి ఎనిమిది రోజుల్లో పదహారు కుట్టాడు.

బుధవారం ఉరుసు. మంచు ఇంకా వీడలేదు. తల్లులు బిడ్డలను ఎత్తుకుని మెట్లు ఎక్కారు. సాంబ్రాణి పొగలో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి తాత బొంత భుజాన వేశాడు. ఇరవై ఎనిమిదో తల్లి గొర్రెల కాపరి భార్య, అందరికంటే దూరం నుంచి వచ్చింది. ఆమెకూ అందింది. కుళ్లాయప్ప ఆమె వెంట మెట్ల దాకా పోయి, బొంత అంచు నేలకు రాసుకోకుండా ఎత్తి పట్టుకున్నాడు.

దస్తగిరి తాత పక్కన నిలబడి చూస్తున్నాడు. మనసులో ఒకటి ఇంకా మెదులుతూనే ఉంది. దాచుకోలేకపోయాడు.

"తాతా, ఒకటి అడుగుతా. పన్నెండు రోజులు ఆయన్నే గమనించినా. కుళ్లాయప్పన్న నాకన్నా దేంట్లో గొప్పో ఇప్పటికీ కనబడలేదు."

"దేంట్లోనూ కాదు," అన్నాడు తాత.

దస్తగిరి తెల్లబోయాడు. "మరి ఇరవై ఎనిమిది ఎట్ల అయినాయి?"

తాత మెట్ల వైపు చూస్తున్నాడు. మంచులో ఆ చివరి బొంత ఎర్రగా మెల్లమెల్లగా కిందికి దిగుతోంది.

"పనితనం ఒక్కొక్కరికి ఒక్కో కొలత పోసినాడు నాయనా దేవుడు. పగలు మాత్రం అందరికీ ఒకటే ఇచ్చినాడు. నీ పగలు విల్లుకు పోతే ఆయన పగలు సూదికి వచ్చింది."